నీళ్లు తిరిగిన రోజు

చిట్కుల్‌లో నర్సింహ ఇంటి ముందు గది. మధ్యాహ్నం మూడున్నర. ఆయన కూతురు నిషిత ఎనిమిది నెలల కిందట సముద్రంలో చనిపోయింది. ఓడలో ఆమెతో కలిసి పనిచేసిన గజాలా ఇన్నాళ్లకు ఆమె సంచీ తీసుకుని వచ్చింది. నర్సింహ భార్య సుమిత్ర వంటింట్లో ఉంది.

"మళ్ల చెప్పు బిడ్డా. జెర నిమ్మళంగ చెప్పు. గా సన్న జీవులకు ఈత రాదంటవ్. మరి గంత దూరం ఎట్ల పోతయ్?"

"నీళ్లు తీస్కపోతయ్ అంకుల్. కాళ్లు లేవు, రెక్కలు లేవు. కొన్నిటికి ఉన్నా సన్నగ తోక, గంతే. నీళ్లు ఎటు పోతె అటే."

"సముద్రమంటె ఒక్క కాడ ఉండేదే గద. చెరువు లెక్క."

"కాదంకుల్. సముద్రంల గూడ వాగులుంటయ్. గట్లు కానరావు, గంతే తేడా. పైపైన నీళ్లు ఒక దిక్కు పోతనే ఉంటయ్. పక్కపొంటి నీళ్లు ఇంకో దిక్కు."

"మా నిషితమ్మ గదే సదివేదా?"

"ఆఁ. నేను నీళ్లు ఎటు పోతున్నయో చూసేదాన్ని. ఆమె నీళ్లల్ల ఎవరున్నరో చూసేది. ఒక్క చుక్కల వేలకు వేలు ఉంటయ్ అంకుల్ ఆ జీవులు. మన కంటికి ఆనయి."

"ఫోన్ల చెప్పేది. నాకు సమజ్ కాకపోయేది. ఆఁ, ఆఁ అనుకుంట ఇంటుంటి."

"చాయ్ పెట్టిన. ఆ పిల్ల తాగుతదేమో అడుగు."

"నువ్వే అడుగు సుమిత్రా. వచ్చినవ్ గద, నీ ముంగట్నే ఉన్నది."

"తాగుతవా?"

"వద్దు ఆంటీ. నీళ్లు చాలు."

"పెట్టినంక వద్దంటె ఎట్ల? తాగు. మీ సంగారెడ్డి కెల్లి చిట్కుల్ ఎంత దూరముంటది?"

"ఆంటీ..."

"గంట తొవ్వ. ఎనిమిది నెలలు పట్టిందా నీకు?"

"సుమిత్రా, ఊకో."

"ఎందుకూకుంట? మా పిల్ల ఫోన్ చేస్తె సగం ఈమె ముచ్చటనే. గజాలా గిట్లన్నది, గజాలా గట్ల నవ్వింది, రంజాన్‌కు గజాలా వాళ్లింటికి పోయిన. ఒక్క గదిల పండుకున్నోల్లు. పెద్ద సార్లందరు వచ్చిండ్రు, పూలు పెట్టి పోయిండ్రు. దినాలనాడు గూడ ఈమె రాకపోయె."

"వచ్చిన ఆంటీ."

"ఏడికి? నేను సూడలే."

"ఇస్నాపూర్ చౌరస్తా దాంక. రెండు సార్లు వచ్చిన. బస్సు దిగిన. మళ్ల అటు దిక్కు బస్సెక్కి ఎల్లిపోయిన."

"ఎందుకు?"

"చాయ్ ఇయ్యుండి ఆంటీ. తాగుత."

"ఎందుకంటె చాయ్ అంటదేంది?"

"పోనీయ్ సుమిత్రా. వచ్చింది గద ఇప్పుడు. బిడ్డా, ఈ సంచిల ఏమేమున్నయ్?"

"స్వెటర్ ఉన్నదంకుల్. ల్యాబుల ఏసీ ఎక్కువ పెడ్తరు, ఎప్పుడు తొడుక్కునే ఉండేది. కండ్లద్దాలు. దువ్వెన. ఇగ ఈ బుక్కు."

"గీ బొమ్మలేంది? గుండ్రంగ ఒకటి, నావ లెక్క ఒకటి... ముండ్లు ముండ్లు ఉన్నది ఇదొకటి."

"గవే ఆ జీవులు. మైక్రోస్కోప్ మిషన్ల చూసి చేతితోని గీసేది. ఫోటో తీయొచ్చు గదనే అంటె, గీస్తెనే మనిషి మొకం లెక్క యాదికుంటదనేది."

"చిన్నప్పటి సంది గంతే. ఇంటి గోడ మీద గూడ గీసేది. ఇగో, ఈ ఆఖరు పేజీ... తారీకు సూడు. ఆరు, ఫిబ్రవరి."

"ఆఁ."

"గా రోజే గద."

"ఆఁ అంకుల్. పొద్దుగాల రాసింది. నీళ్లు తోడి ఏడున్నరకు చూసింది."

"ఏం రాసింది? నాకు ఇంగ్లీష్ రాదు. సదువు."

"ఏం లేదు, జీవుల లెక్క. ఏది ఎన్ని ఉన్నయని."

"కింద గీత కొట్టి రాసింది సూడు. రెండు గీతలు కొట్టింది. గదేంది?"

"అంకుల్, అది తర్వాత చెప్త. ముందు ఈ స్వెటర్..."

"సదువు బిడ్డా. ఆమె చేతి రాత. ఆ రోజు ఏం రాసిందో తెలువాలె గద నాకు."

"...నీళ్లు తిరిగినయ్. గట్ల రాసింది."

"అంటె?"

"మన ఒడ్డు పొంటి పోయే వాగు ఉంటది గద అంకుల్, సముద్రంల. చలికాలం అది పై నుంచి, బెంగాల్ దిక్కుకెల్లి కిందికొస్తది. గంగ నీళ్లు కలిసి ఉప్పు తక్కువుంటది దాంట్ల. ఆ నీళ్లు నచ్చే జీవులు దాంతోనే కిందికొస్తయ్. చలి ఎల్లేటప్పుడు వాగు మర్లుతది. కిందికెల్లి పైకి పోతది. అప్పుడు ఉప్పు నీళ్లొస్తయ్, వేరె జీవులొస్తయ్."

"వాగు ఎనుకకు పారుతదా?"

"పారుతది. ఏటేటా పారుతది."

"మా వాగు ఎన్నడు ఎనుకకు పారలే. ఏ దినం మర్లుతదో ఎట్ల ఎర్కైతది మరి?"

"గదే కష్టం. ఒక ఏడు జనవరి ఆఖరుకే తిరుగుతది. ఒక ఏడు ఫిబ్రవరి సగం దాంక తిరగది. నేను శాటిలైట్ పటం చూసి చెప్పేదాన్ని. నిషిత పటం చూడకపోయేది. మనిషి రెండు మాటలు మాట్లాడంగనే ఏ ఊరోళ్లో తెలుస్తది గద, గట్లనే చుక్క నీళ్లు చూస్తె అవి ఏడికెల్లి వచ్చినయో చెప్త అనేది. చెప్పేది గూడ."

"అంటె ఆ రోజు పొద్దుగాల సూసింది. తిరిగినయని రాసింది."

"ఆఁ."

"నీకు చెప్పిందా?"

"చెప్పింది. మిషన్ కాడికెల్లి లేసి నా టేబుల్ కాడికొచ్చింది. గజ్జూ, నీళ్లు తిరిగినయే, కిందోళ్లు వచ్చేసిండ్రు అన్నది. మస్తు ఖుషీగ ఉండె."

"నువ్వేమన్నవ్?"

"నవ్విన."

"నవ్వినవా?"

"నవ్వి, ఇంకో పది రోజులైతెగాని తిరగవు పో, నా పటంల ఇంకా కిందికే పోతున్నయ్ అన్న. నాలుగు పురుగులు దారి తప్పి వచ్చినయేమో అన్న. అంకుల్, నేను మీకొకటి చెప్పాలె. గదే చెప్పనీకి వచ్చిన."

"ముందు చాయ్ తాగు, చల్లారుతది."

"వద్దు, చెప్పనీయుండి. ఇప్పుడు చెప్పకుంటె మళ్ల చౌరస్తా కెల్లి ఎల్లిపోత. సాయంత్రం నాలుగింటికి ఓడ ఎనుక దిక్కు పోయింది, ఇంకోసారి నీళ్లు తోడనీకి. అల ఎక్కువుండె. పడేది ఎవరు చూడలే. అయిదు అయినంక ఎవరో బకెట్ ఒక్కటే దొర్లుతున్నదని చూసిండ్రు. అప్పటికి ఓడ చానా దూరమొచ్చేసింది."

"గిది సార్లు చెప్పిండ్రు మాకు."

"సార్లు చెప్పనిది చెప్త. కెప్టెన్ ఓడ మలిపిండు. ఆమె పడిందనుకునే జాగకు వచ్చినం. ఆడ లేదు. కెప్టెన్ నన్ను పిలిపిచ్చిండు. పిల్ల జాకెట్ తొడుక్కున్నది, తేలుతనే ఉంటది, ఇప్పుడు నీళ్లు ఎటు గుంజుతయో చెప్పు అన్నడు. ఓడల గది చెప్పేదాన్ని నేనే."

"ఎటని చెప్పినవ్?"

"కిందికని."

"కిందికా?"

"దక్షిణం దిక్కు అని చెప్పిన అంకుల్. పటంల వేలు పెట్టి చూపిచ్చిన. అది వారం కిందటి పటం. మబ్బులుండె, కొత్తది రాలే. ఒడ్డుకెల్లి విమానం వచ్చింది, దానికి గూడ గదే చెప్పిండ్రు. తెల్లారి ఇంకో రెండు ఓడలొచ్చినయ్, వాటికి గూడ. అందరు నేను చెప్పిన దిక్కే పోయిండ్రు. వెతికినం, వెతికినం..."

"ఏడ్వకు. మెల్లగ."

"మూడో రోజు పొద్దుగాల చేపల పడవోళ్లకు దొరికింది. పైన. ఉత్తరం దిక్కు. మేం వెతికే కాడికెల్లి చానా దూరం."

"నువ్వు చెప్పినవా కిందికని?"

"ఆంటీ..."

"మా పిల్ల పొద్దుగాల్నే నీకు చెప్పింది. నోటితోని చెప్పింది. బుక్కుల గీత కొట్టి రాసింది. గది ఇన్నంక గూడ కిందికని చెప్పినవా?"

"యాదికి రాలే ఆంటీ. అల్లా కసమ్, ఆ టైముకు యాదికి రాలే. పటం ఉండె ముంగట, అది చూసి చెప్పిన. దొరికిందని ఫోన్ వచ్చినంక యాదికొచ్చింది. కిందోళ్లు వచ్చేసిండ్రు అని ఆమె అన్న మాట. వాటికి ఎర్కుండె ఆంటీ. ఆ చుక్కల ఉన్న జీవులకు ఎర్కుండె. నాకు ఎర్క లేకుండె."

"సుమిత్రా, కూసో. గా కుర్చీల కూసో."

"నేను కూసోను. నువ్వేం మనిషివయ్యా, ఇంత ఇన్నంక గూడ కూసో అంటవ్?"

"కూసో అంటున్న గద. నేను గూడ ఒకటి చెప్త. ఇద్దరు ఇనుండి. బిడ్డా, మాకు వాగు పక్కన రెండెకరాలుండె. బాయి ఉండె."

"నిషిత చెప్పింది. బాయి ఎండిపోయిందని."

"ఎండలే. గట్ల చెప్పిందా? నా ఇజ్జత్ కాపాడింది పిల్ల. దానికి పన్నెండేండ్లు అప్పుడు. బడిల మిషన్ కాడికి బాయి నీళ్లు సీసల పట్టుకపోయింది. సాయంత్రం ఉరుక్కుంట వచ్చింది. బాపూ, మన బాయిల జీవాలు మారినయ్, మునుపు ఉన్నయి లేవు, వాగుల ఉండే రకం వచ్చినయ్, వాగు నీళ్లు లోపటికెల్లి దూరినయ్, మడికి పెట్టకు అన్నది. వాగుల అప్పటికే కంపెనీల నీళ్లు కలుస్తున్నయ్. మా బాయి ఎత్తు మీదుండె. బాయిలకు వాగెట్ల వస్తది పోవే అన్న."

"నవ్విండ్రా?"

"నవ్విన. నీ లెక్కనే నవ్విన. మోటర్ ఏసిన. నాలుగు దినాలకు నాటంతా ఎర్రగయ్యింది. ఆ నీళ్లే తాగిన ఎడ్లు రెండు పోయినయ్. ఇగ ఎవుసం ఇడిసి కంపెనీల బాయిలర్ కాడ చేరిన. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ, నేను చెప్పిన గద బాపూ అని అనలేదు ఆ పిల్ల."

"నాకెవ్వరు చెప్పలేదు గిది. నాకు గూడ బాయి ఊటలు బందైనయని చెప్పినవ్."

"చెప్పలే సుమిత్రా. సిగ్గైంది."

"అంకుల్, పొలం పోతె వేరె. ఎడ్లు పోతె వేరె. మనిషి పోయింది నా మాటకు."

"నువ్వు కావాలని చెప్పినవా?"

"కాదు. అయినా... నేను పడుకుంట లేను అంకుల్. పటం తెరుస్త లేను. ఆఫీసుకు పోక నాలుగు నెలలైంది. రాజీనామ రాసి పెట్టిన. మా అమ్మీ ఇంట్ల గోలీలన్ని దాచి తాళమేసింది. బాత్రూం తలుపుకు గొళ్లెం పీకేసిండ్రు. ఇయ్యాల గూడ పంపకపోయేది, మీ ఇంటికంటె పంపింది. గంటకోసారి ఫోన్ చేస్తది."

"గొళ్లెం ఎందుకు పీకిండ్రు?"

"ఆ బుక్కు ఇటియ్యుండి అంకుల్."

"బిడ్డా, నిన్నే అడుగుతున్న. గొళ్లెం ఎందుకు పీకిండ్రు?"

"నాకు ఒక్కటి తెలియాలె అంకుల్. గదొక్కటి తెలిస్తె చాలు. పోస్టుమార్టం రిపోర్ట్ మీకిచ్చిండ్రు, నాకెవ్వరు చూపియ్యలే. అడిగితె, వద్దమ్మా, నీకెందుకు అంటరు. మేము పైకి పోయుంటె... ఉత్తరం దిక్కు పోయుంటె దొరికేదా? ఎంతసేపు ఉండె ఆమె? ఎంతసేపు బతికుండె?"

"చాయ్ మీద మీగడ కట్టింది. సుమిత్రా, వేరేది పొయ్యి."

"అంకుల్, చెప్పుండి. ఏమున్నా చెప్పుండి. నేను రోజు లెక్కలేస్తున్న. జాకెట్ ఉన్నది. నీళ్లు గోరువెచ్చగుంటయ్ ఆ దిక్కు. ఆరు గంటలా? తెల్లారిందాంకనా? మమ్మల్ని పిలిచిందా? మీకు తెలుసు. చెప్పుండి."

"చెప్త. ఇటు సూడు. తలకాయకు దెబ్బ తాకింది."

"దెబ్బనా?"

"పడేటప్పుడు. ఓడ అంచు ఇనుముది గద. ఈడ, చెవి ఎనుక తాకింది. పడంగనే పానం పోయింది. డాక్టర్ చెప్పిండు."

"పడంగనేనా?"

"పడంగనే. మీరు ఎటు పోయినా దొరికేటిది గది ఒట్టి శరీరమే బిడ్డా. పైకి పోయినా, కిందికి పోయినా. గా రెండు దినాలు సముద్రం మోసింది పీనుగను. నా బిడ్డను కాదు."

"నిజంగనా అంకుల్? నా కోసం చెప్తలేరు గద?"

"దవాఖానకు పోయింది నేను, సుమిత్ర. ఇద్దరి ముంగట చెప్పిండు డాక్టర్. కావాల్నంటె ఆమెనే అడుగు."

"ఆంటీ, డాక్టర్ ఏం చెప్పిండు?"

"నీ అంకుల్ చెప్పిండు గద."

"నువ్వు చెప్పు సుమిత్రా. నీ నోటితోని ఇంటెనే నమ్ముతది. చెప్పు. పిల్ల అడుగుతున్నది."

"గట్లనే అన్నడు."

"ఏమని ఆంటీ?"

"పడంగనే పోయిందన్నడు. నీళ్లు ఒక్క గుక్క గూడ మింగలేదన్నడు. ఎవర్ని పిలవనీకి గూడ... టైం లేకుండె అన్నడు. ఏం ఎర్కలేకనే పోయింది."

"నొప్పి?"

"లేదు. నొప్పి లేదు. నిద్రల పోయినట్టే ఉండె మొకం. నేను సూసిన."

"యా అల్లా. యా అల్లా..."

"ఏడ్వు బిడ్డా. ఏడ్వు. సుమిత్రా, జెర పట్టుకో పిల్లను."

"పట్టుకున్న. మణికట్టు సూడు, పుల్ల లెక్క అయింది. ఏం తింటున్నవే నువ్వు?"

"ఆంటీ, నేను ఎనిమిది నెలల సంది... రోజు... కండ్లు మూస్తె నీళ్లల్ల చెయ్యి లేపినట్టు..."

"లేపలే. ఇన్నవా? చెయ్యి లేపలే. ఇగ కండ్లు మూసుకొని పండుకో."

"బిడ్డా, నా మాటిను. ఆ రాజీనామ కాయితం చింపెయ్యి."

"అంకుల్, నేను మళ్ల ఓడెక్కలేను."

"ఎక్కకు. ఒడ్డు మీద కూసోని చెయ్యి. నువ్వు నీళ్లు సూసేదానివి, ఆమె నీళ్లల్ల ఉన్నోల్లను సూసేది అన్నవ్ గద. ఇగ రెండు నువ్వే సూడు. మళ్ల ఎన్నడన్న ఎవరన్న పడితె, ఆ చుక్కను గూడ అడిగి చెప్పు ఎటు పోవాల్నో. గట్ల చేస్తవా?"

"చేస్త."

"మాటియ్యి."

"ఇస్తున్న అంకుల్. చేస్త. ఆ బుక్కు... నాకు పనికొస్తది. కానీ అది మీది. ఆమె చేతి రాత."

"తీస్కపో. మాకు సదువ రాదు. స్వెటర్ మాత్రం ఉండనీ, సుమిత్రకు."

"మీ అమ్మ ఫోన్ చేస్తున్నది సూడు. ఎత్తు. వస్తున్న అని చెప్పు. జల్దీ పో, ఆమెను పరేషాన్ చెయ్యకు."

"ఆంటీ, మళ్ల రావొచ్చా నేను?"

"రా. చౌరస్తా కెల్లి ఎనుకకు పోకు."

గజాలాను ఆటో ఎక్కించి నర్సింహ తిరిగి వచ్చాడు.

"ఎక్కిందా?"

"ఎక్కింది. ఇస్నాపూర్ దాంక ఆటో, ఆడికెల్లి బస్సు."

"పోంగ ఏమన్న అన్నదా?"

"వాళ్లమ్మకు ఫోన్ చేసింది. ఆకలైతున్నదమ్మీ, అన్నం వండి పెట్టు అన్నది. ఆ తల్లి ఫోన్లనే ఏడ్సింది. నాకు బయటికి ఇనొచ్చింది."

"మంచిగైంది."

"సుమిత్రా, నువ్వు ఏమనుకోకు..."

"ఏమనుకోలే. పిల్ల బతకాలె. గొళ్లెం మాట అన్నప్పుడే నాకు సమజైంది నువ్వేం చెయ్యబోతున్నవో."

"నీతోని గూడ చెప్పిచ్చిన."

"చెప్పిన. గుక్క నీళ్లు మింగలేదని నేనే కలిపి చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట నాకు గూడ నిజమే అనిపిచ్చింది జెర సేపు. మంచిగనిపిచ్చింది. గందుకే భయమైతున్నది."

"ఏం భయం?"

"రేపటి సంది మనిద్దరం గూడ గట్లనే అనుకుంటమేమో అని. అనుకుంటె సుఖమే. కానీ గా రెండు దినాలు దాని ఎంబడి ఎవ్వరు లేకుండిరి. ఇప్పుడు మనం గూడ లేదంటె ఎట్లయ్యా? ఎనిమిది నెలల సంది నీ నోటితోని ఒక్కసారి గూడ అనలే నువ్వు. నా ముంగట అను. ఒక్కసారి అను. డాక్టర్ ఏమన్నడు?"

"వద్దు సుమిత్రా."

"అను. ఏమన్నడు?"

"తలకు ఏ దెబ్బ లేదన్నడు. రెండు రాత్రులు, నడుమ ఒక పగలు నీళ్ల మీద బతికే ఉండె అన్నడు. పడవోల్లు సూసే నాలుగు గంటల ముందు దాంక."